రిజిస్ట్రేషన్ అయి మూడేళ్లు నిండని నాటక సమాజానికి గ్రాంటు అర్హత ఉంటుందా?

బ్రాడీపేట కార్యదర్శి:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పద్దెనిమిది మందిమి కలిసి ఇరవై రెండేళ్లుగా పౌరాణిక పద్యనాటకాలు ఆడుతున్నాము. మాలో ఇద్దరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఒకరు మిర్చి యార్డులో గుమాస్తా, ఒకరు ఆర్టీసీ కండక్టరు. హార్మోనియం వాయిస్తూ మా అందరికీ పద్యం నేర్పే గురువుగారికి 71 ఏళ్లు. తిరునాళ్లకు పిలిస్తే వెళ్లాము, పరిషత్తు పోటీలకు వెళ్లాము. వచ్చిన సొమ్ము దుస్తుల అద్దెకూ, వ్యాను కిరాయికీ, మేకప్పుకూ సరిపోయేది. సరిపోనప్పుడు తలా కొంత వేసుకున్నాము. ఇన్నేళ్లూ సమాజానికి పేరుంది గానీ కాగితం లేదు. సొసైటీగా రిజిస్టరు చేయించి ఇప్పటికి ఒక సంవత్సరం ఎనిమిది నెలలు మాత్రమే అయింది.

పద్యాన్ని శ్రుతి తప్పకుండా పాడగలిగిన పాతికేళ్లలోపు వారు ఇప్పుడు మా సమాజంలో ఒక్కరూ లేరు. గురువుగారు ఓపికగా ఉన్నప్పుడే పదిమంది పిల్లలకు నెల రోజులు శిక్షణ ఇప్పించి, చివర వారి చేత ఒక నాటకం ఆడించాలని సంకల్పించాము. నాలుగు లక్షల రూపాయల అంచనా వేశాము. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ వారి గ్రాంటుకు దరఖాస్తు చేసుకోవచ్చా? మన నగరపాలక సంస్థ నుంచి ఏదైనా సహాయం అడగవచ్చా? ఈ నియమాలు తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పటమట ఆడిటరు:

కార్యదర్శి గారూ, ముందు చేదు విషయం చెబుతాను. మీరు అడుగుతున్నది కళా సంస్కృతి వికాస్ యోజన కింద ఉన్న సాంస్కృతిక కార్యక్రమాల, ప్రదర్శనల గ్రాంటు గురించి అనుకుంటాను. మనవాళ్లు దీన్ని సీఎఫ్‌పీజీ అంటారు. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరయి కనీసం మూడేళ్లు పనిచేసి ఉండాలన్నది దాని మొదటి షరతు. ఈ రోజు మీరు దరఖాస్తు పెడితే మీ ప్రతిపాదన ఎంత బాగున్నా నిపుణుల సంఘం దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది.

అయినా మిగిలిన సంగతులు ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మూడేళ్లు నిండిన రోజున చాలా సంఘాల దగ్గర ధ్రువపత్రం ఒక్కటే ఉంటుంది, తక్కినవేవీ ఉండవు. నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదై గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. సంస్థ పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ప్రభుత్వ చెల్లింపుల కోసం పీఎఫ్‌ఎంఎస్ నమోదు ఉండాలి. ఆడిటయిన లెక్కలు ఉండాలి. వీటిలో దేనికీ మూడేళ్లు ఆగనక్కరలేదు.

డబ్బు సంగతి కూడా చూడండి. గ్రాంటు మొత్తం ఖర్చులో 75 శాతానికి మించదు, ఒక ప్రాజెక్టుకు సాధారణంగా అయిదు లక్షలు గరిష్ఠ పరిమితి. మిగిలిన పావు వంతు సంస్థే భరించాలి. మీ నాలుగు లక్షల అంచనాకు పూర్తిగా మంజూరైనా మూడు లక్షలు వస్తాయి. ఆ మూడు లక్షలూ ఒకేసారి చేతికి రావు. 75 శాతం, అంటే 2,25,000 ముందు వస్తుంది, తక్కిన 75,000 కార్యక్రమం పూర్తిచేసి లెక్కలు పంపిన తరువాత వస్తుంది. అంటే ప్రదర్శన నాటికి మీ చేతిలో సొంతంగా 1,75,000 ఉండి తీరాలి. గ్రాంటు వచ్చింది కదా అని అప్పు చేసి నాటకం ఆడిన సమాజాలు ఇబ్బంది పడ్డది ఇక్కడే. పావు వంతు మనది అనుకుని లక్ష సిద్ధం చేసుకుంటారు, ఆ పైన ఆగిపోయే 75,000 లెక్కలోకి తీసుకోరు.

సత్యనారాయణపురం ప్రేక్షకుడు:

ఇరవై రెండేళ్లు నాటకం ఆడినవారికి అర్హత లేదనీ, మూడేళ్ల కిందట బోర్డు పెట్టిన వారికి ఉందనీ చెప్పే నియమం న్యాయమైనది కాదని నా నమ్మకం. నియమం ఉద్దేశం ఏమిటి? ప్రజల సొమ్ము తీసుకునేవారు నిన్న పుట్టి రేపు మాయమయ్యేవారు కాకూడదన్నదే కదా. ఆ నిలకడను రిజిస్ట్రారు ముద్ర ఎంత చూపగలదో, ఇరవై రెండేళ్ల కరపత్రాలు అంతకంటే బాగా చూపగలవు.

గుంటూరు అమ్మాయి, మేరీలాండ్:

ప్రేక్షకుడు గారు లేవనెత్తిన ప్రశ్న ఇక్కడ కూడా వచ్చింది కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను. నేను పుట్టి పెరిగింది అరండల్‌పేటలో. ఇక్కడి తెలుగు పిల్లలకు కూచిపూడి నేర్పే ఒక చిన్న సంస్థకు గ్రాంటు దరఖాస్తులు రాసిపెడుతుంటాను.

అమెరికాలో చాలా కౌంటీలు, అంటే మన జిల్లాల వంటివి, కళలకూ మానవీయ శాస్త్రాలకూ ఏటా బడ్జెట్‌లో కొంత సొమ్ము కేటాయించి, పంచే పనిని కళామండలి వంటి ఒక సంస్థకు అప్పగిస్తాయి. ఆ మండలి ప్రతి సంవత్సరం నియమాల పుస్తకం వెలువరిస్తుంది. అందులో సాధారణంగా కనిపించే షరతులు ఇవి: దరఖాస్తుదారు లాభాపేక్ష లేని సంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు పొంది ఉండాలి, ప్రధాన కార్యాలయం ఆ కౌంటీలోనే ఉండాలి, కార్యక్రమం ఆ కౌంటీ ప్రజలకు అందుబాటులో జరగాలి. పక్క కౌంటీలో కార్యాలయం ఉన్న సంస్థ ఎంత గొప్పదైనా పనికిరాదు, ఎందుకంటే ఆ సొమ్ము ఈ కౌంటీ ఇంటిపన్నుల నుంచి వచ్చింది. వ్యక్తులుగా దరఖాస్తు పెట్టుకునే కళాకారులకు వేరే విభాగం ఉంటుంది. వారు అక్కడ నివసిస్తున్నట్టు రుజువు చూపాలి.

ఇక కాలం లెక్క. ఇక్కడి జాతీయ కళానిధి, అంటే 1965 చట్టంతో ఏర్పడిన ఫెడరల్ సంస్థ, దరఖాస్తుదారుకు ఇన్నేళ్ల కార్యక్రమాల చరిత్ర ఉండాలని అడుగుతుంది. అయితే ఆ సంవత్సరాలను సంస్థ కార్యక్రమాలు మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కించాలనీ, రిజిస్టరైన నాటి నుంచో పన్ను మినహాయింపు వచ్చిన నాటి నుంచో కాదనీ తన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. దరఖాస్తు పెట్టే నాటికి రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు ఉంటే చాలు. చరిత్రను పాత కార్యక్రమాలతో చూపించుకోవచ్చు. కార్యదర్శి గారి సమాజం ఇక్కడ ఉంటే ఈ ఒక్క వాక్యం వల్ల అర్హత పొందేది. మన మార్గదర్శకాల్లో కూడా అటువంటి వాక్యం ఒకటి చేర్చమని కోరడానికి కళాసంఘాలన్నీ కలిసి వినతిపత్రం ఇవ్వడం సమంజసమని నా అభిప్రాయం.

విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి, గవర్నరుపేట:

నగరపాలక సంస్థ గురించి అడిగారు కాబట్టి ఆ భాగానికి నేను సమాధానం చెబుతాను.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది అంశాలు ఉన్నాయి. అందులో పదమూడవది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం. పంచాయతీలకు సంబంధించిన పదకొండవ షెడ్యూలులో సాంస్కృతిక కార్యక్రమాలు ఇరవై ఒకటో అంశం. కాబట్టి కళలు మా పని కాదని ఏ మునిసిపాలిటీ అనజాలదు. అయితే షెడ్యూలులో ఉన్న అంశం వేరు, బడ్జెట్‌లో ఉన్న పద్దు వేరు. మేరీలాండ్ నుంచి రాసిన అమ్మాయి చెప్పినట్టు ఏటా నియమాల పుస్తకం వేసి, దరఖాస్తులు పిలిచి, మార్కులు వేసి నగదు పంచే పద్ధతి మన నగరపాలక సంస్థల్లో స్థిరపడలేదు. ఇక్కడ స్థానిక సంస్థ ఇచ్చేది ఎక్కువగా చోటు. విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం నగరపాలక సంస్థదే. నాటక సమాజానికి హాలు అద్దె ఎంత భారమో మీకు చెప్పనక్కరలేదు. అద్దె తగ్గించమనో మినహాయించమనో కమిషనరు గారికి పెట్టుకునే అర్జీ కూడా ఒక విధమైన గ్రాంటు దరఖాస్తే. దానికి మూడేళ్ల నిబంధన అడ్డు రాదు. కార్యక్రమం ఎందుకు, ఎవరి కోసం, టిక్కెట్టు ఉందా లేదా, గతంలో ఏమి చేశారు అన్నవి ఒక పేజీలో రాసి, రిజిస్ట్రేషన్ నకలు జతచేసి, తేదీకి చాలా ముందుగా ఇవ్వండి. వారం రోజుల ముందు ఇచ్చిన అర్జీ మీద సానుభూతి ఉన్న అధికారి కూడా ఏమీ చేయలేడు. ఫైలు కదలడానికి సమయం పడుతుంది.

మరొక మాట, ఇది చాలామంది మరచిపోతారు. మనం కట్టే ఆస్తిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరుగుతాయి. పిల్లలకు పద్యపఠన శిక్షణ ఇస్తామని గ్రంథాలయం వారిని అడిగితే కనీసం చోటూ, కుర్చీలూ, వినే పిల్లలూ దొరుకుతారు. నగదు రాకపోయినా, ప్రభుత్వ సంస్థ ప్రాంగణంలో కార్యక్రమం జరిగినట్టు ఒక ఉత్తరం చేతికి వస్తుంది. మీ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్లు నిండాక గ్రాంటు అడిగేటప్పుడు ఆ ఉత్తరం పనికివస్తుంది.

కొరిటెపాడు మిత్రుడు:

ఇంత శ్రమ ఎందుకు? మూడేళ్లు దాటిన సొసైటీలు గుంటూరులో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు మీద దరఖాస్తు పెట్టించి, వచ్చిన దానిలో వారికి కొంత ఇచ్చి, మిగిలినది మీరు వాడుకోవచ్చు. చాలామంది చేస్తున్నదే.

కృష్ణలంక నటుడు:

కొరిటెపాడు మిత్రునికి, దయచేసి ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. మేము ఆ పని చేసి నష్టపోయాము.

కొన్నేళ్ల కిందట మా బృందానికి రిజిస్ట్రేషన్ లేదు. పరిచయస్తులున్న ఒక సంస్థ పేరు మీద దరఖాస్తు వెళ్లింది, మంజూరు కూడా అయింది. మొదటి వాయిదా వారి ఖాతాలో పడింది. నాటకం మేము ఆడాము. లైట్లకు, సెట్టుకు, వాద్యకారులకు మా జేబుల్లోంచి ఇచ్చాము. బిల్లులు మాత్రం వారి పేరున ఉండాలన్నారు. చివరకు ఓచర్ల మీద సంతకాల విషయంలో తేడాలొచ్చి లెక్కలు పంపలేదు, రెండో వాయిదా రాలేదు, మొదటి వాయిదాలో మాకు అందింది సగం కూడా లేదు. డబ్బు పోయినందుకు కంటే నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. ఆ నాటకం ఈ రోజు ప్రభుత్వ రికార్డులో మరొకరి నాటకం. ముప్పై రిహార్సళ్లు చేసి, జ్వరంతో వేషం కట్టిన మనుషులు ఏ కాగితంలోనూ లేరు. తరువాత మేము రిజిస్టరు చేయించుకుని గత కార్యక్రమాల జాబితా రాసుకున్నప్పుడు, అన్నిటికంటే పెద్ద ప్రదర్శనను అందులో రాసుకోలేకపోయాము.

పటమట ఆడిటరు:

నటుడు గారు అనుభవం చెప్పారు, నేను చట్టం వైపు నుంచి చెబుతాను. గ్రాంటు తీసుకునే సంస్థ బాండు రాసి ఇస్తుంది. డబ్బు మంజూరైన పనికే ఖర్చయిందని 12ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇస్తుంది. 2017 సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం గ్రాంటు సొమ్ము మీద వచ్చిన బ్యాంకు వడ్డీని కూడా లెక్కలు తేలిన వెంటనే ప్రభుత్వానికి తిరిగి జమచేయాలి. వడ్డీ దగ్గరే అంత ఖచ్చితంగా ఉన్న నియమాలు, పేరు అద్దెకిచ్చినందుకు ముట్టజెప్పే కమీషనును ఏ పద్దు కింద ఒప్పుకుంటాయి? ఆ కమీషను కోసం లేని ఖర్చుకు ఓచరు పుట్టించాలి. సంతకం పెట్టిన అధ్యక్ష కార్యదర్శులు వ్యక్తిగతంగా చిక్కుల్లో పడతారు.

అయితే రెండు సంస్థలు కలిసి పనిచేయడం తప్పు కాదు. అర్హత ఉన్న సంస్థ తన కార్యక్రమంగానే శిబిరం నిర్వహిస్తూ, మీ గురువుగారిని శిక్షకునిగా పిలిచి, మీ నటులకు పారితోషికం నేరుగా వారి ఖాతాలకు చెల్లించి, కరపత్రంలోనూ దరఖాస్తులోనూ మీ సమాజం పేరును సహ నిర్వాహకులుగా వేస్తే అందులో దాపరికమేమీ లేదు. ఖర్చు చేసేది వారే, లెక్క చెప్పేది వారే, పని ఎవరు చేశారో అందరికీ తెలుస్తుంది. ఈ ఏర్పాటును ముందుగానే ఒప్పంద పత్రంగా రాసుకుని రెండు కార్యవర్గాల తీర్మానాలతో భద్రపరచుకోండి.

గుంటూరు అమ్మాయి, మేరీలాండ్:

ఆడిటరు గారు చెప్పిన ఏర్పాటుకు దగ్గరగా ఇక్కడ ఆర్థిక పూచీదారు అనే పద్ధతి ఉంది. పన్ను మినహాయింపు లేని చిన్న బృందం తరఫున మినహాయింపు ఉన్న సంస్థ డబ్బు తీసుకుని, లెక్కలు చూసి, నిర్వహణ ఖర్చుగా కొంత శాతం బహిరంగంగానే ఉంచుకుంటుంది. చాలా కౌంటీల్లో దీన్ని అనుమతిస్తారు. కానీ నేను ఇంతకుముందు చెప్పిన జాతీయ కళానిధి అనుమతించదు. దరఖాస్తు పెట్టే సంస్థే అర్హత కలిగి ఉండాలంటుంది. కాబట్టి ఒక చోట చెల్లిన పద్ధతి మరొక చోట చెల్లుతుందని అనుకోకుండా ఆ గ్రాంటు నియమాలను అక్షరం అక్షరం చదవాలి.

ఏలూరు రోడ్డు పుస్తకప్రియుడు:

నాటకం గురించిన చర్చలో నా ప్రశ్న కొంచెం పక్కది, అయినా విషయం ఒకటే కనుక అడుగుతున్నాను. విజయవాడ అచ్చు యంత్రాల ఊరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి కూర్చిన కంపోజిటర్లలో ఇప్పుడు మిగిలినవారు కొద్దిమంది, వారిలో చాలామందికి డెబ్బై దాటాయి. ఒత్తులూ గుడులూ ఏ గడిలో ఉండేవో, రాత్రి ఎన్ని పుటలు కూర్చేవారో, ఫారానికి, అంటే ఒకేసారి అచ్చయ్యే పుటలకు, ఎంత కూలి వచ్చేదో వారి నోటనే రికార్డు చేయాలని నా కోరిక. ఇది కళ కాదు, విశ్వవిద్యాలయ పరిశోధన కూడా కాదు. నాకు సంస్థ లేదు, నేను ఒక్కడినే. ఇటువంటి పనికి ఏ తలుపు తట్టాలి?

విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, గుంటూరు:

పుస్తకప్రియుడు గారూ, మీరు చెప్పినది మానవీయ శాస్త్రాల పరిధిలోకి నిస్సందేహంగా వస్తుంది. అమెరికాలో 1965లో చేసిన చట్టం మానవీయ శాస్త్రాలంటే ఏమిటో నిర్వచిస్తూ భాష, సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం, పురావస్తుశాస్త్రం, న్యాయశాస్త్రం, నీతిశాస్త్రంతో పాటు కళల చరిత్రనూ విమర్శనూ చేర్చింది. కళను ప్రదర్శించడం ఒక పని, ఆ కళ ఎలా పుట్టింది, ఎవరు బతికించారు, ఎందుకు కనుమరుగైంది అని పరిశీలించడం మరొక పని. రెండవదానికి కూడా సొమ్ము కావాలని ఆ చట్టం గుర్తించింది. మన దేశంలో ఇదంతా ఒక పేరు కింద లేదు కనుక చోటు వెతుక్కోవాలి. ఇంతకుముందు చెప్పుకున్న సీఎఫ్‌పీజీలో నాటకం, నృత్యం, సంగీతంతో పాటు పరిశోధన, సదస్సు, ఎగ్జిబిషన్ వంటివి కూడా ఉన్నాయి గానీ అది సంస్థలకు మాత్రమే.

మీరు ఒంటరిగా చేస్తున్నారు కాబట్టి సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఫెలోషిప్పులు చూడండి. వీటి నిర్వహణ ఢిల్లీలోని సీసీఆర్‌టీది, అంటే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రానిది. 25 నుంచి 40 ఏళ్ల వారికి జూనియర్ ఫెలోషిప్పు, నెలకు 10,000. నలభై దాటిన వారికి సీనియర్ ఫెలోషిప్పు, నెలకు 20,000. రెండూ రెండేళ్ల పాటు ఉంటాయి. ప్రదర్శన, సాహిత్య, దృశ్య కళలతో పాటు శిలాశాసనాల పరిశోధన, నాణేల అధ్యయనం, సంస్కృతి సామాజిక శాస్త్రం వంటి విభాగాలు కూడా వాటిలో ఉన్నాయి. అచ్చుకూర్పు వృత్తిని సంస్కృతి చరిత్రగా చూపుతూ ప్రతిపాదన రాయండి.

ఇలాంటి ప్రతిపాదనలు నేను ఎన్నో చదివాను. చాలా వాటిలో మొదటి రెండు పేజీలు తెలుగు జాతి గొప్పతనం గురించి ఉంటాయి, చేయబోయే పని చివరి పేరాలో ఉంటుంది. మీరు దీన్ని తిరగవేయండి. ఎంతమందిని కలుస్తారు, ఏ పేటల్లో, ఒక్కొక్కరితో ఎన్ని గంటలు, రికార్డులు ఎక్కడ భద్రపరుస్తారు, ఎవరు వినవచ్చు అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి. మాట్లాడిన ప్రతి పెద్దమనిషి దగ్గరా తన మాటలు భద్రపరచడానికి అనుమతిస్తూ ఒక సంతకం తీసుకోండి. మీ ఉత్సాహం చూసి వారు మీరు అడగకపోయినా అన్నీ చెప్పేస్తారు. అందుకే ఆ సంతకం బాధ్యత మీది. వారు చదివి సంతకం చేయలేని స్థితిలో ఉంటే అనుమతిని కూడా వారి గొంతుతోనే రికార్డు చేయండి.

సత్యనారాయణపురం ప్రేక్షకుడు:

అధ్యాపకురాలు అమ్మగారికి కృతజ్ఞతలు. కంపోజిటర్ల సంగతి చదివి మా తండ్రిగారు గుర్తుకొచ్చారు. ఆయన కూడా ఆ పనే చేశారు.

విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి, గవర్నరుపేట:

దరఖాస్తులు తిరిగి రావడానికి మన ప్రాంతంలో కొత్తగా చేరిన కారణం ఒకటి చెప్పడం మరిచాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. అంతకుముందు రిజిస్టరైన సంఘాల ధ్రువపత్రాల మీద పాత జిల్లా పేరు ఉంటుంది, ఆధార్‌లోనూ బ్యాంకు ఖాతాలోనూ కొత్త జిల్లా పేరు ఉండవచ్చు. ఢిల్లీలో కూర్చుని పరిశీలించే వ్యక్తికి ఇవి రెండు వేర్వేరు చిరునామాలుగా కనిపించవచ్చు. దరఖాస్తుతో పాటు జిల్లా పేరు మారిందని తెలిపే ఒక చిన్న వివరణ జతచేయండి. నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల వైపు సంఘాలకు ఇది మరీ ముఖ్యం.

పటమట ఆడిటరు:

చాలా అవసరమైన మాట. దానితో పాటు ఇంకొకటి. మన రాష్ట్రంలో సొసైటీలకు వర్తించేది 2001 నాటి చట్టం. ఏడుగురు సభ్యులుంటే సొసైటీ ఏర్పడుతుంది. కానీ ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లోపు కార్యవర్గ సభ్యుల జాబితాను జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేయాలి. ఈ పని చాలా సంఘాలు చేయవు. పదేళ్ల కిందటి ధ్రువపత్రం చూపిస్తారు, అందులోని కార్యదర్శి కాలం చేసి ఉంటారు, దరఖాస్తు మీద సంతకం మరొకరిది. ఆ మార్పును తెలిపే కాగితం ఎక్కడా ఉండదు. కార్యదర్శి గారూ, మీ మొదటి సంవత్సరం జాబితా దాఖలు చేశారా?

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల వైపు వెళ్లాలనుకునేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. 2013 కంపెనీల చట్టం ఏడవ షెడ్యూలులో సంప్రదాయ కళల అభివృద్ధి ఉంది కాబట్టి అడగవచ్చు. అయితే అక్కడ కూడా అటువంటి పనిలో మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను చట్టం కింద పన్ను మినహాయింపుకూ విరాళాలకూ సంబంధించిన నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 నమోదు అడుగుతారు.

బ్రాడీపేట కార్యదర్శి:

ఇంతమంది పెద్దలు ఇంత వివరంగా రాసినందుకు మా సమాజం తరఫున నమస్కారాలు. నిన్న సాయంత్రం రిహార్సలు ఆపి ఈ చర్చ మొత్తం సభ్యులకు చదివి వినిపించాను.

ఆడిటరు గారూ, మొదటి సంవత్సరం జాబితా దాఖలు చేయలేదు. అటువంటి నియమం ఉందని మాకు తెలియదు. ఆలస్యానికి ఏమి కట్టాలో కట్టి సోమవారం ఆ పని పూర్తిచేస్తాము. పేరు అద్దెకు తీసుకునే ఆలోచన మాలో ఇద్దరికి ఉండేది. నటుడు గారి అనుభవం విన్న తరువాత వారే వద్దన్నారు. శిక్షణ శిబిరం మాత్రం వాయిదా వేయదలచుకోలేదు. గురువుగారికి మరో ఏడాది నాలుగు నెలలు ఆగండని చెప్పలేము. నాలుగు లక్షల అంచనాను పక్కన పెట్టి, దుస్తులూ సెట్టూ లేకుండా, పద్యం, హార్మోనియం, తబలాలతో చిన్న శిబిరంగా ఈ నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల సమయంలో జరపాలని తీర్మానించి మినిట్సు పుస్తకంలో రాశాము. అది మా పుస్తకంలో మూడవ తీర్మానం.

ఇంకొక విషయం. కండక్టరు మిత్రుని ఇంట్లో ట్రంకు పెట్టె నిండా పాత కరపత్రాలు, పరిషత్తుల ప్రశంసాపత్రాలు దొరికాయి. కొన్నింటి మీద తేదీ ఉంది గానీ సంవత్సరం లేదు. వీటిని ఎలా భద్రపరచాలి?

విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, గుంటూరు:

సంవత్సరం లేని కరపత్రాల మీద వారం పేరు ఉందేమో చూడండి. తేదీ, వారం, తిథి కలిపి చూస్తే పాత పంచాంగంతో సంవత్సరం తేల్చవచ్చు. తిరునాళ్ల కరపత్రాల్లో తిథి సాధారణంగా ఉంటుంది. తేలిన సంవత్సరాన్ని కరపత్రం మీద కలంతో రాయకండి, వేరే కాగితం మీద రాసి కవరులో జతచేయండి. ప్రతిదాన్నీ రెండు వైపులా ఫొటో తీయండి. వేషధారుల పేర్ల పక్కన, వారిలో ఎవరు జీవించి ఉన్నారో మీ గురువుగారిని అడిగి రాసుకోండి. ఆ పని మొదట చేయండి.

గురువుగారి సంగతి కూడా ఒకటి చెప్పాలి. అరవై దాటి, సంవత్సరాదాయం 72,000కు మించని కళాకారులకు కేంద్రం నెలకు 6,000 వరకు సహాయం ఇస్తుంది. రాష్ట్రం నుంచి కళాకారుల పింఛను పొందుతూ ఉండాలన్నది అందులో షరతు. ఆయనకు రాష్ట్ర పింఛను వస్తోందా?

బ్రాడీపేట కార్యదర్శి:

రావడం లేదమ్మా. ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు. రేపు ఉదయం ఆయన ఆధార్, ఆదాయ ధ్రువపత్రం తీసుకుని వార్డు సచివాలయానికి నేనే వెళ్తాను. ట్రంకు పెట్టెలోని ప్రశంసాపత్రాల్లో ఆయన పేరున్నవి పదకొండు ఉన్నాయి. వాటి నకళ్లు కూడా తీసుకువెళ్తాను.